దుబ్బు కట్టేదా, పాకేదా?

పోయిన నెల ఒక పాఠకుడికి జవాబిస్తూ, "పచ్చిక ఎండిపోయిందని దిగులు పడకండి, ఆ జాగాలో మన నేల గడ్డి పెట్టి చూడండి" అని రాశాను. ఆ ఒక్క మాటకు ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. గడ్డి అంటే పీకి పారేసేది అనుకునే మన ఇళ్ళల్లో దాన్ని పెంచుతామని అడుగుతుంటే నాకు ఎంతో సంతోషమైంది. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం గడ్డికే.

నేను ముప్పై ఏళ్ళకు పైగా అటవీ శాఖలో పనిచేశాను. తాడ్వాయి, పస్రా, పాకాల వైపు అడవుల్లో చెట్లు లెక్కపెట్టడం నా ఉద్యోగం. గడ్డిని గుర్తుపట్టడం మాత్రం పశువుల కాపర్ల దగ్గర, గుడిసెలు కప్పేవాళ్ళ దగ్గర నేర్చుకున్నాను. ఇప్పుడు కాజీపేటలో మా ఇంటి వెనక ఉన్న కొద్ది జాగాలో ఆరు రకాల గడ్డి ఉంది. కింద రాసిన వాటిలో ఎక్కువ భాగం ఆ పెరట్లో చేసి చూసినవే.

ప్రశ్న: ఇంటి ముందు 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు ఖాళీ ఉంది. ఎర్ర మట్టి. పచ్చిక చాపలు తెచ్చి రెండుసార్లు పరిపించాం. రెండుసార్లూ ఏప్రిల్ దాటేసరికి మాడిపోయింది. బోరు కూడా అంతంతమాత్రమే. ఏ గడ్డి పెట్టాలి, ఎట్లా పెట్టాలి? – ఒక గృహిణి, హన్మకొండ

అమ్మా, తప్పు మీది కాదు. చాపలుగా అమ్మే ఆ పచ్చిక వేర్లు పైపైనే ఉంటాయి. పై మట్టి ఆరిపోయిందంటే దానికి నీళ్ళు లేనట్టే. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు మనవాళ్ళు. 44 డిగ్రీల ఎండలో ఆ పచ్చికను బతికించాలంటే రోజూ రెండు పూటలా తడపాలి. బోరు అంతంతమాత్రం అంటున్నారు, ఆ నీళ్ళు మీ వంటింటికి ఉండనివ్వండి.

ఏ గడ్డి అయినా ఇంటికి తెచ్చేముందు ఒక్క సంగతి తెలుసుకోండి. ఇది దుబ్బు కట్టేదా, పాకేదా? దుబ్బు కట్టేది పెట్టిన చోటే పిలకలు వేసుకుంటూ లావెక్కుతుంది, పక్క మొక్క జోలికి పోదు. పాకేది నేల మీద తీగలా గానీ, మట్టి లోపల కణుపుల వేరుతో గానీ ముందుకు నడుస్తుంది. వట్టివేరు, నిమ్మగడ్డి, నూనె కోసం సాగుచేసే పామరోజా, గుడిసెలు కప్పే బోద గడ్డి, ఇవన్నీ దుబ్బులు. గరిక, దర్భ, రెల్లు పాకేవి. పెరట్లో గడ్డి పెట్టి తిప్పలు పడ్డామని నాకు రాసినవాళ్ళందరూ ఈ తేడా చూసుకోకనే పడ్డారు.

మీ జాగాకు వట్టివేరుతో మొదలుపెట్టండి. ప్రహరీ వెంట రెండున్నర, మూడు అడుగుల ఎడంతో ఒక వరుస చాలు. మనిషెత్తు పెరిగి ఆకు వంగి, గాలి వచ్చినప్పుడు వరుస మొత్తం ఒక్కటిగా కదులుతుంది. దాని అసలు సంగతి మాత్రం లోపలే ఉంది. మెత్తని నేలయితే వేర్లు 3 మీటర్ల దాకా నేరుగా కిందికి దిగుతాయి, పక్కలకు పోవు. అందుకే ఇంటి పునాదికి భయం లేదు, పక్కన బంతి మొక్కలు పెట్టుకున్నా నీళ్ళకు పోటీ రాదు. పొలం గట్లు కోసుకుపోకుండా ఈ గడ్డినే వరుసలుగా నాటేది కూడా ఇందుకే.

నాటే పని చూడ్డానికి సులువే, కానీ చాలామంది ఆకు మీద ఆశకొద్దీ కత్తిరించకుండా పెడతారు. నిరుడు మృగశిర కార్తెలో రెండు వానలు పడ్డాక మా పాత దుబ్బు ఒకటి పెకిలించాను. గడ్డపారతో చుట్టూ తవ్వి, ఇద్దరం కలిసి లాగితే గానీ రాలేదు. మట్టి దులిపేసరికి వేర్లు విప్పిన జడలా కిందికి వేలాడాయి. పెరడంతా ఆ వాసనే. ఎండాకాలంలో కొత్త కుండలో నీళ్ళు పోసినప్పుడు వచ్చే వాసనకు కొంచెం తీపి కలిపితే ఎట్లుంటుందో అట్లుంటుంది. ఆ దుబ్బును చేత్తోనే విడదీసి, రెండు మూడు పిలకలకు ఒకటి చొప్పున కట్టలు చేశాను. ఒక్కో కట్టకు ఆకును జానెడు ఉంచి, వేరును వేలెడు ఉంచి కొడవలితో తెగకోశాను. ఆకు ఎక్కువ ఉంటే అందులోంచి నీరు ఆవిరైపోతుంది, ఇంకా పట్టుకోని వేరు ఆ నీటిని అందించలేదు. కోసిన కట్టలను ఒక పూట నీడలో తడి గోనెసంచి కింద ఉంచి, సాయంత్రం నాటాను. పదిహేను రోజుల్లో నడుమ నుంచి లేత ఆకు లేచింది. ఒక్క కట్ట చచ్చిపోయింది, మిగతావన్నీ నిలబడ్డాయి.

గుంత జానెడు చాలు. అడుగున పిడికెడు వేపపిండి, బాగా మాగిన పశువుల పెంట రెండు దోసిళ్ళు వేయండి. పచ్చి పెంట వేస్తే వేరుపురుగు వస్తుంది. మొదటి సంవత్సరం వారానికి ఒకసారి నీళ్ళు పెట్టాలి. రెండో ఎండాకాలం నుంచి నెలకు రెండుసార్లు పెడితే పచ్చగా ఉంటుంది. అసలే పెట్టకపోతే ఎండినట్టు కనపడుతుంది గానీ చావదు. గడ్డికి చిగురు పుట్టే చోటు ఆకు కొసన ఉండదు, మొదట్లో నేలకు ఆనుకుని ఉంటుంది. పశువు మేసినా, కొడవలి పడినా, ఎండ కాల్చినా మళ్ళీ లేచేది అందుకే.

వట్టివేరు వరుస ముందర మూడు పామరోజా దుబ్బులు పెట్టండి. వాన వెలిసే రోజుల్లో అది కంకి వేసి కొద్దిగా ఎర్రబడుతుంది. ఆకు నలిపితే గులాబీ వాసన వస్తుంది, అందులోనూ గులాబీలోనూ జెరానియాల్ అనే నూనె ఉండటమే కారణం. ఇది గింజతో మొలుస్తుంది కాబట్టి కంకి ముదిరాక కోసేయండి. కూర్చోవడానికి, పిల్లలు ఆడుకోవడానికి కొంచెం జాగా కావాలంటే ఇంటి గుమ్మం దగ్గర పది అడుగుల మేర గరిక పెంచి, చుట్టూ రాతిబండలు లోతుగా పాతి కట్టుగా పెట్టండి. వినాయక చవితికి బజారుకు పోయే పని కూడా తప్పుతుంది.

పిలకలు ఎక్కడ దొరుకుతాయని మీరే కాదు, ఇంకా చాలామంది అడిగారు. సుగంధ గడ్డి జాతుల మీద పనిచేసే కేంద్ర సంస్థ సీమాప్‌కు హైదరాబాద్ బోడుప్పల్‌లో పరిశోధన కేంద్రం ఉంది, వట్టివేరు, పామరోజా, నిమ్మగడ్డి గురించి అక్కడ అడగొచ్చు. మీకు దగ్గర్లో వట్టివేరు గట్టు వేసుకున్న రైతు ఎవరైనా ఉంటే ఇంకా మంచిది. ఒక్క దుబ్బు ఇస్తే ఇరవై కట్టలు అవుతాయి.

ప్రశ్న: గోదావరి ఒడ్డున రెల్లు పూత చూసి ముచ్చటపడి నాలుగు పిలకలు తెచ్చి పెట్టాను. మూడేళ్ళలో పెరడు సగం ఆక్రమించింది. ఇప్పుడు గోడ అవతల పక్కింటివాళ్ళ కూరగాయల మడిలో లేచింది. వాళ్ళతో మాట పడాల్సి వస్తోంది. ఏం చేయాలి? – ఒక ఉపాధ్యాయుడు, మంథని

సార్, ముందు పక్కింటికి వెళ్ళి "ఇది నా వల్లే వచ్చింది, నేనే తీయిస్తాను" అని చెప్పండి. ఆ మాటతో సగం బరువు దిగుతుంది.

దసరా ముందర గోదావరి ఇసుక మీద రెల్లు పూస్తే ఒడ్డంతా పాలు పొంగినట్టుంటుంది. ఎవరికైనా తెచ్చుకోవాలనే అనిపిస్తుంది. కానీ అది వరద కోసం పుట్టిన గడ్డి. ఏటా నది కొట్టుకుపోతుంటే మళ్ళీ మళ్ళీ లేచేటందుకు మట్టి లోపల కణుపుల వేరు పరుచుకుంటుంది. మీ పెరట్లో వరద రాదు, దాన్ని ఆపేదీ లేదు. పనామా కాలువ చుట్టూ ఇదే రెల్లు పరాయి గడ్డిగా చేరి, కొత్త అడవి మొలవకుండా ఇబ్బంది పెడుతోంది.

తీసే పద్ధతి చెప్తాను. ఇప్పుడే మొదటికంటా కోసేయండి. కొత్త చిగురు మోకాలెత్తు రాగానే మళ్ళీ కోయండి. అట్లా మూడు నాలుగు సార్లు కోస్తే లోపల దాచుకున్న బలం తగ్గుతుంది. తర్వాత మంచి వాన పడిన మర్నాడు, మట్టి మెత్తగా ఉన్నప్పుడు, పలుగుతో వేరు వెంట పోతూ తవ్వాలి. వేలెడు కణుపు మిగిలినా మళ్ళీ లేస్తుంది. తీసిన వేర్లను ఎరువు గుంతలో వేయకండి, బండ మీద పరిచి కరకరలాడేదాకా ఎండబెట్టండి. ఒక్క ఏడాదిలో అయిపోయే పని కాదు. గోడ పక్కన మునగో, జామో పెట్టండి. రెల్లుకు నీడ పడదు.

అయినా ఒక్క దుబ్బు ఉంచుకోవాలని మనసులో ఉంటే, అడుగు మూసి ఉన్న సిమెంటు గోలెంలో ఉంచండి. నీళ్ళు పోవడానికి ఒకటే చిన్న బెజ్జం, దాని కింద బండ. మా ఇంట్లో అట్లాగే ఉంది. పూత ముదిరి పత్తిలా రాలకముందే కోసి లోపల కూజాలో పెట్టుకుంటాం.

రెల్లు మీద మాత్రం కోపం పెంచుకోకండి. ఈ రోజు మనం తింటున్న చక్కెరలో దాని పాలు ఉంది. కోయంబత్తూరు చెరకు పరిశోధన కేంద్రంలో బార్బర్, వెంకట్రామన్ అనే శాస్త్రవేత్తలు చెరకును రెల్లుతో సంకరం చేసి సీఓ 205 అనే రకాన్ని 1918లో రైతులకు ఇచ్చారు. చెరకుకు తీపి ఉంది గానీ ఉత్తరాది చలిని, నీటి ఎద్దడిని తట్టుకునే మొండితనం లేదు. ఆ మొండితనం రెల్లు ఇచ్చింది. మిమ్మల్ని ఇప్పుడు సతాయిస్తున్నది ఆ గుణమే.

ప్రశ్న: గడ్డి పెంచితే పాములు వస్తాయని మా అత్తమ్మ ఒప్పుకోవడం లేదు. వట్టివేరు ఉంటే పాములు రావని ఒకరు చెప్పారు. నిజమేనా? – జనగామ

వట్టివేరు వాసనకు పాము రాదని నమ్మి నిర్లక్ష్యంగా ఉండకండి. నా ఉద్యోగంలో వట్టివేరు వనాల్లోనే పాములు చూశాను. మీ అత్తమ్మగారి భయం ఊరికే పుట్టింది కాదు, దాన్ని గౌరవించి పని చేద్దాం.

పాము గడ్డి కోసం రాదు, ఎలుక కోసం, కప్ప కోసం వస్తుంది. వడ్ల బస్తాలు, కోళ్ళ దాణా, కట్టెల మోపు, ఇటుకల కుప్ప, ప్రహరీ కింద బొరియ, వీటిని ముందు చూడండి. గడ్డి దుబ్బులను తలుపుకు, కిటికీకి కనీసం ఎనిమిది అడుగుల దూరంలో పెట్టండి. దుబ్బుకు దుబ్బుకు మధ్య నేల కనపడాలి. మొదట్లో ఎండిన ఆకును నెలకోసారి గీకి తీసి, మోకాలి కింది భాగం గాలి ఆడేలా ఉంచితే అక్కడ ఏదీ దాక్కోదు. ఆ పని చేత్తో చేయకండి, పొడుగు కర్ర ఉన్న పారతో చేయండి. చీకటి పడ్డాక పెరట్లోకి వెళ్తే లైటు, చెప్పులు తప్పనిసరి. ఒకవేళ కాటు పడితే మంత్రం, ఆకు పసరు అంటూ ఒక్క నిమిషం పోగొట్టుకోకుండా విషం విరుగుడు మందు ఉండే ఆసుపత్రికే తీసుకుపోవాలి.

మీ అత్తమ్మగారిని కూర్చోబెట్టి ఎక్కడ పెడదామో ఆమెనే అడగండి. ఎలుకలు ఎటు తిరుగుతాయో ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళకే బాగా తెలుస్తుంది.

ప్రశ్న: నర్సరీలో ఫౌంటెన్ గ్రాస్ అని ఊదా రంగు కంకులతో చాలా అందంగా ఉంది. మన దేశానిదే అన్నారు. కొనమంటారా? – మంచిర్యాల

ఫౌంటెన్ గ్రాస్ మన దేశానిది కాదు. ఆఫ్రికాలో, అరేబియా వైపు పుట్టింది. ఆకు కూడా ఊదా రంగులో ఉండే రకం గింజ పెద్దగా కట్టదు, దానితో ముప్పు తక్కువ. ఆకుపచ్చ ఆకు, లేత గులాబీ కంకి ఉండే రకం ఉంది చూడండి, అది వేలకొద్దీ గింజలను గాలికి వదులుతుంది. హవాయి దీవుల్లో అది లావా నేలల మీద కూడా పరుచుకుని, ఎండాక మంటలకు మేత అవుతోంది. యూరప్ దేశాలు 2017లో దాన్ని అమ్మకూడని, పెంచకూడని మొక్కల జాబితాలో చేర్చాయి.

ఆరేళ్ళ కింద నేను కూడా ఒక నర్సరీవాళ్ళు "దేశవాళీ సార్" అంటే నమ్మి రెండు కుండీలు తెచ్చాను. అది ఆకుపచ్చ రకం. ఆ దసరాకు కంకులు చూసి ఇంటికొచ్చినవాళ్ళంతా మెచ్చుకున్నారు. మరుసటి వానాకాలం మా ఎదురుగా ఉన్న ఖాళీ ప్లాటులో, మోరీ ఒడ్డున, మూడిళ్ళ అవతల రోడ్డు పక్కన కూడా అవే మొలకలు. గడ్డితో ఇన్నేళ్ళు గడిపి కూడా అడగాల్సిన ప్రశ్న అడగలేదని చాలా బాధపడ్డాను. రెండు వానాకాలాలు పొద్దున్నే బకెట్ పట్టుకుని ఒక్కొక్కటి పీకాను. 1950లలో పుణె దగ్గర కనపడ్డ వయ్యారిభామ ఇవాళ మన ప్రతి ఊరి రోడ్డు పక్కకూ వచ్చింది. ఇంకొకదానికి నా చేతులతో దారి వేయకూడదు అనిపించింది.

దాని బదులు అంజన్ గడ్డి పెట్టండి. రెండూ ఒకే కుటుంబంలో దగ్గరి చుట్టాలు. కంకి చిన్నదే, వేలంత పొడవు, తోకలా మెత్తగా ఉంటుంది, ఉదయం ఎండ వెనక నుంచి పడితే ఊదా రంగు మెరుస్తుంది. మన దేశపు మెట్ట నేలల్లో సొంతంగా పెరిగేది, మంచి పశుగ్రాసం. 1962లో ఏర్పడిన ఝాన్సీ పశుగ్రాస పరిశోధన సంస్థ దీని మీద ఎంతో పనిచేసింది, పశుగ్రాసం విత్తనాలు అమ్మేవాళ్ళ దగ్గర దొరుకుతుంది. ఇదే అంజన్ గడ్డి అమెరికాలోని అరిజోనా ఎడారికి, ఆస్ట్రేలియాకు పెద్ద తలనొప్పి. గడ్డిలో మంచిదీ చెడ్డదీ ఉండదు, ఎక్కడి నేలది అన్నదే లెక్క.

ప్రశ్న: తుంగను కూడా అలంకారానికి పెంచొచ్చా? – నర్సంపేట

పెంచకండి. అది అసలు గడ్డే కాదు. కాడను రెండు వేళ్ళ మధ్య తిప్పి చూడండి, మూడు అంచులు తగులుతాయి. గడ్డి కాడ గుండ్రంగా, కణుపులతో ఉంటుంది. తుంగకు కింద గడ్డలు గొలుసులా ఉంటాయి, పైన పీకినకొద్దీ కింది గడ్డ మొలుస్తుంది. ఒకసారి పూలమడిలో పడితే మీ మనవలు కూడా పీకాల్సి వస్తుంది.

ప్రశ్న: మూడో అంతస్తులో ఉంటాం. బాల్కనీలో ఏ గడ్డి పెరుగుతుంది? – వరంగల్

నిమ్మగడ్డి. పద్దెనిమిది అంగుళాల కుండీ, రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు మాగిన ఎరువు. నాలుగు గంటలన్నా ఎండ తగలాలి. టీలోకి రెండాకులు కోసుకుంటూ ఉంటే దుబ్బు తనంతట తాను సర్దుకుంటుంది. అంచు పదునుగా ఉంటుంది, పిల్లలు చేత్తో లాగకుండా చూడండి. రెండేళ్ళకొకసారి బయటికి తీసి విడదీయాలి, లేకపోతే కుండీ పగులుతుంది. ఇంకో కుండీలో వంటింటి కొర్రలు గుప్పెడు చల్లండి, పొట్టు తీయనివి. మూడు నెలల్లోపే నక్క తోకల్లాంటి బంగారు కంకులు వంగుతాయి. బాల్కనీకి పిచ్చుక రావాలంటే అంతకు మించింది నాకు తెలియదు.

ప్రశ్న: సంక్రాంతి తర్వాత మా గడ్డి దుబ్బులన్నీ ఎండి గోధుమరంగుకు వచ్చాయి. మా వారు తగలబెడదామంటున్నారు. ఎప్పుడు కోయాలి? – కరీంనగర్

తగలబెట్టకండి. ఇంటి మధ్య మంట ఎప్పుడూ మంచిది కాదు, దుబ్బు నడుమ ఉన్న చిగురు కూడా కాలిపోతుంది.

కోయడానికి తొందర కూడా వద్దు. సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా ఆ ఎండు గడ్డిని నేను ముట్టుకోను. ఆ రోజుల్లో మా పెరట్లోకి జీనువాయిలు వస్తాయి, గోరంత ముక్కు, గోధుమ రంగు ఒళ్ళు. కంకి మీద వాలితే కాడ నేలదాకా వంగుతుంది, గింజ తీసుకుని లేస్తే మళ్ళీ నిలబడుతుంది. ఎండిన గడ్డికి సాయంత్రం ఎండలో ఒక రంగు ఉంది. అది చూడ్డం మొదలుపెడితే మీవారు అగ్గిపెట్టె పక్కన పెడతారు.

శివరాత్రి దాటాక మాత్రం ఆలస్యం చేయకండి. ఎండలు ముదిరాక ఎండు గడ్డి దగ్గర ఎవరైనా బీడీ పారేసినా ప్రమాదమే. దుబ్బును నడిమి ఎత్తులో తాడుతో బిగించి కట్టి, జానెడు ఎత్తు వదిలి కొడవలితో కోయండి. కట్టడం వల్ల ఆకు చెల్లాచెదురు కాదు. కోసిందాన్ని దుబ్బుల మొదట్లో పరవకండి, చెదలు పడతాయి. మామిడి, నిమ్మ చెట్ల పాదుల్లో మొదలుకు జానెడు దూరంగా పరిస్తే తేమ నిలుస్తుంది. వట్టివేరు ఆకు మాత్రం పందిరి మీదికి దాచుకోండి, ఎండాకాలం కోళ్ళగూడు కప్పడానికి దానికి మించింది లేదు.

వాన మొదలయ్యాక కొత్త ఆకు మీద గీతలు గీతలుగా చీలికలు కనపడితే పురుగనుకుని మందు కొట్టకండి. గిజిగాడు గూటికి నారలు చీల్చుకుపోయి ఉంటుంది. ఆకు అంచును ముక్కుతో కొరికి, పట్టుకుని ఎగిరితే పొడుగు నార ఊడివస్తుంది. మా ఇంటి వెనక బావి మీద ఈతచెట్టుకు వేలాడే గూళ్ళలో మా వట్టివేరు ఆకు ఉంది.

ప్రశ్న: బతుకమ్మకు గునుగు పూలు కొనుక్కోవాల్సి వస్తోంది. చిన్నప్పుడు చేను గట్ల నిండా ఉండేది. ఈ గడ్డిని ఇంట్లో పెంచొచ్చా? – ఒక అమ్మమ్మ, పరకాల

అమ్మా, మీ ఉత్తరం మా ఇంట్లో నా భార్యకు చదివి వినిపించాను. ఆమె పుట్టిల్లు కూడా మీ వైపే. పొద్దున్నే తడి గట్ల మీద నడిచి ఒడి నిండా గునుగు కోసుకొచ్చిన సంగతి ఆమె కూడా చెప్పింది.

గునుగు గడ్డి కాదు, తోటకూర కుటుంబం. లేత ఆకు కూర వండుకునేది అందుకే. కానీ గడ్డి మధ్య పెడితేనే దాని అందం. చేలల్లో తగ్గిపోవడానికి కారణం మీరు ఊహించిందే, పత్తి చేలల్లో, మక్క చేలల్లో కలుపు మందు కొడుతున్నారు. మందు గునుగును చూసి వదిలిపెట్టదు.

పెంచడం చాలా సులువు. ఈ బతుకమ్మకు కొన్న పూలలో బాగా ముదిరిన కంకులు నాలుగు పక్కన పెట్టండి. రంగు అద్దినవి వద్దు, తెల్లవి. నీడన ఎండబెట్టి పళ్ళెంలో దులిపితే నల్లగా మెరిసే గింజలు రాలతాయి, ఆవాల కంటే చిన్నవి. పొడి సీసాలో దాచండి. జులై మొదట్లో, రెండు మంచి వానలు పడ్డాక, ఇసుకలో కలిపి చల్లండి. మట్టి కప్పొద్దు, చేత్తో అట్లా అదమండి చాలు. లోతున పడితే మొలవదు. జానెడు ఎత్తు వచ్చాక అడుగుకు ఒకటి ఉంచి మిగతావి కూరకు తీసుకోండి. ఒకసారి తల తుంచితే నాలుగు కొమ్మలు వేస్తుంది. ఎరువు వేయకండి, బలం ఎక్కువైతే ఆకే తప్ప కంకి రాదు. పగటి పొద్దు తగ్గేకొద్దీ కంకి వేస్తుంది కాబట్టి ఎంగిలిపూల నాటికి అందుతుంది.

వెనక పామరోజా గానీ బోద గడ్డి గానీ రెండు దుబ్బులు, వాటి ముందు గునుగు, పక్కన ఒక తంగేడు. తంగేడును లేతగా ఉన్నప్పుడే నాటాలి, పెద్దయ్యాక పెకిలిస్తే బతకదు. గింజనే వేడినీళ్ళలో ఒక రాత్రి నానబెట్టి పెట్టడం ఇంకా మేలు. సద్దుల బతుకమ్మ రోజు కోసేటప్పుడు ఒక మూల నాలుగు మొక్కలు ముట్టుకోకుండా వదిలేయండి. వచ్చే ఏడు మళ్ళీ చల్లే పని ఉండదు.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి. మా బడి వెనక గుట్ట మీద ఒక గడ్డి ఉంది. నల్లటి పొడుగు వెంట్రుకలు జడలా పెనవేసుకుని ఉంటాయి. లంగాకు గుచ్చుకుంటే రాదు. ఆ గింజ మీద నీళ్ళు పడితే అదంతట అదే తిరిగింది. మా ఫ్రెండ్స్ నమ్మడం లేదు. ఎందుకు తిరుగుతుంది? దాన్ని బడి తోటలో పెంచొచ్చా? – జమ్మికుంట

బిడ్డా, నువ్వు చూసింది నిజమే. దాని శాస్త్రీయ నామం హెటెరోపోగాన్ కంటార్టస్. రెండో మాటకు మెలి తిరిగినది అని అర్థం.

ఆ నల్ల వెంట్రుకలో రెండు రకాల పొరలు ఉంటాయి. తడి తగిలినప్పుడు రెండూ ఒకే తీరుగా ఉబ్బవు. అందుకే తడిసినప్పుడు మెలి విడుతుంది, ఆరినప్పుడు మళ్ళీ మెలి పడుతుంది. గింజ మొన సూదిలా ఉంటుంది, దాని మీద వెనక్కి వాలిన గట్టి రోమాలు ఉంటాయి. ముందుకు దిగుతుంది గానీ వెనక్కి రాదు. రాత్రి మంచుకు తడిసి, పగటి ఎండకు ఆరి, తిరిగి తిరిగి తనను తానే మట్టిలోకి దింపుకుంటుంది. నీ లంగాకు గుచ్చుకున్నది రాకపోవడానికి కూడా అదే కారణం. గొర్రెల ఒంట్లోకి దిగితే పుండు పడుతుంది, అందుకే కాపర్లు ఇది కంకి వేయకముందే మేపుతారు.

బడి తోటలో, పిల్లలు పరుగెత్తే చోట పెంచొద్దు. గుట్ట మీదే ఉండనివ్వండి. గింజ మాత్రం పది తెచ్చుకో. చిన్న పళ్ళెంలో తడి ఇసుక పరిచి, నడుమ ఒక గింజను నిలబెట్టు. వెంట్రుక కొసకు ఎర్ర దారం ముక్క కట్టు, అప్పుడు తిరగడం దూరానికి కూడా కనపడుతుంది. చెంచాతో నాలుగు చుక్కలు పోసి మీ ఫ్రెండ్స్‌ను ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టమను. తర్వాత ఎండలో పెట్టి మళ్ళీ లెక్కపెట్టండి. రెండు లెక్కలూ నాకు రాసి పంపు, వచ్చే నెల శీర్షికలో వేస్తాను.